అంచున ఆగిన ముక్క

పోయిన శనివారం ఈ కథ ఆపి మనం విడిపోయేసరికి, మా క్లబ్బు పేకబల్ల దగ్గర లెయార్కో నెత్తిన టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో మిగిలిన ఒక్క ముక్కనీ బల్ల మీద బోర్లించి, "ఇన్నేళ్లలో నా జోడీకి నేను అబద్ధం చెప్పి ఎరగను. ఈ ఆట చెప్పించింది" అన్నాడు. ఆ మాట చల్లారకముందే క్లబ్బు తలుపు తెరుచుకుంది. మరుసటి శనివారం రావలసిన బొలోన్యా ఆవిడ ఆ శనివారమే వచ్చేసి, టీవీ కింద ఉన్న బల్ల దగ్గర కూర్చుని, బార్లీ కాఫీ చెప్పింది.

ఆవిడ ఎవరో ఇద్దరికే తెలుసు, మిర్కాకి, నాకు. కనీసం నేను అలా అనుకున్నాను.

మిర్కా మా తమ్ముడు లోరిస్ భార్య. సోఫాలు కుట్టే మా అమ్మ ఇరీదె దుకాణంలో గుడ్డ కత్తిరించడంలో ఆ పిల్ల చేతికి సాటి లేదు. అలాంటి చెయ్యి ఉన్నట్టుండి పేకముక్కల మీదికి మళ్లింది. "ఒక్క చలికాలం వదిలెయ్యండి అత్తయ్యా. కొత్త ఆట ఒకటి కడతాను. ఎవరైనా అచ్చు వేస్తే సరే, లేకపోతే నోరు మూసుకుని వచ్చి కత్తెర పట్టుకుంటాను" అని అడిగింది. మా అమ్మ చలికాలం ఇచ్చింది. పక్కింటికి పంచదార ఇచ్చే మొహంతోనే ఇచ్చింది. అప్పటికి ఊరి బయట పీచ్ పండ్ల తోటలన్నీ పూసి గులాబీ రంగుకు తిరిగాయి. చలికాలం అయిపోయిందని వేరే చెప్పనక్కర్లేదు.

బొలోన్యా ఆవిడ పేరు మలగూతి. పేకలూ పెట్టె ఆటలూ అచ్చు వేసే కంపెనీ మనిషి. మిర్కాకి ఫోన్‌లో ఆవిడ చెప్పింది ఒకటే. "నాకు రూల్సు చదివి వినిపించకు. నేను మూల కూర్చుని చూస్తాను. ఒక ఆట అయ్యాక ఎవరూ బతిమాలకుండా వాళ్లంతట వాళ్లే రెండో ఆటకి ముక్కలు పంచుకుంటే తీసుకుంటాను. బాగుందండీ అని మర్యాదకి చెప్పే మాటలు మా గోడౌన్ నిండా ఉన్నాయి."

అలాంటి మనిషి కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చున్న సమయానికి మా బల్ల దగ్గర మొదటి ఆటే పూర్తికాలేదు. ఒకడు టోపీ పెట్టేసుకున్నాడు.

మిర్కా కట్టిన ఆట పేరు 'అంచు'. చూడ్డానికి తేలిక. నలుగురు, ఎదురెదురుగా ఇద్దరిద్దరు జోడీలు. ముక్కను బల్ల మీద వెయ్యకూడదు, జారించాలి. ఎవరి ముక్క ఎదుటి అంచుకి అందరికంటే దగ్గరగా వెళ్లి ఆగితే పట్టు వాళ్లది. సగం గాల్లో వేలాడితే మరీ మంచిది. దాటి కింద పడిందో, చచ్చినట్టే. మా పేకలో రంగులంటే కత్తులు, గిన్నెలు, నాణేలు, కర్రలు; మొదటివాడు కత్తులు వేస్తే మిగతావాళ్లూ కత్తులే వెయ్యాలి. రాజు వచ్చిందా, ఆసు వచ్చిందా అన్నది ఆఖర్న పట్టులు లెక్కపెట్టుకునేటప్పటి సంగతి. అంటే అదృష్టం పంచిపెడుతుంది, వేలు సంపాదించుకుంటుంది. ముక్క జారాలని బల్ల మీది పచ్చగుడ్డ కూడా తీయించేసింది. మా క్లబ్బులో ఆ గుడ్డ తీసిన రోజున, చర్చిలో పీఠం మీది గుడ్డ తీసిన పాదిరీని చూసినట్టు చూశారు ఆమెను.

ఇంతా చేసి ఆమె ఒక సంగతి మర్చిపోయింది. మర్చిపోవడం కాదు, కొండల వైపు నుంచి వచ్చిన పిల్ల, ఆమెకి తెలిసే అవకాశం లేదు. ఇటలీలో మా రొమాన్యా సీమలో జోడీలు ఆడే పాత ఆటలో నోరు విప్పి మాట్లాడకూడదు. కానీ చేత్తో చెప్పొచ్చు, అది అందరూ ఒప్పుకున్నదే. ముక్కను బల్ల మీద జారిస్తే "నా దగ్గర ఈ రంగువి ఇంకా ఉన్నాయి" అని. ఎగరేసి పడేస్తే "ఇదే ఆఖరిది" అని. వేలి కణుపుతో తడితే "నీ దగ్గరున్న పెద్దది వేసి పట్టు లాక్కో, మళ్లీ ఇదే రంగు తిప్పు" అని. ఇవి మాకు ఎవరూ నేర్పరు. అన్నం తినేటప్పుడు చెయ్యి నోటికే వెళ్తుంది కదా, అలా వచ్చేస్తాయి.

ఇప్పుడు చూడండి. ముక్క ముక్కకీ జారించాలంటే, ముక్క ముక్కకీ "ఇంకా ఉన్నాయి, ఇంకా ఉన్నాయి" అని జోడీతో చెప్పినట్టే. లెయార్కో తన ఆఖరి కత్తి జారించాడు. అతని జోడీ గ్వల్తియేరో, మా అమ్మకి సోఫాల చెక్క చట్రాలు చేసిచ్చే మనిషి, అది నమ్మి మళ్లీ కత్తులే తిప్పాడు. పట్టు పోయింది. మాకు వచ్చింది. 'మాకు' అంటే క్షౌరశాల దెర్నాకి, ఆమె జోడీగా బలవంతాన కూర్చోబెట్టిన నాకు.

"కూర్చో లెయార్కో," అంది దెర్నా. "మొదలుపెట్టిన చెయ్యి మధ్యలో వదిలి వెళ్లినవాడి తల నేను దువ్వను."

లెయార్కో తల తడుముకున్నాడు. దువ్వడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు గాని, ఉన్న నాలుగూ దెర్నా దయే. కూర్చున్నాడు. టోపీ మాత్రం తియ్యలేదు.

మిర్కా నా కుర్చీ వెనక నిలబడి ఉంది. ఆట కట్టినవాళ్లు ఆటను వెనకేసుకు రాకూడదట, ఆడేవాళ్లు తిడుతుంటే 'ఇంకా?' అని మాత్రమే అడగాలట. ఎక్కడో చదివి వచ్చి ఆ నియమం పెట్టుకుంది. 

"చెప్పండి, లెయార్కో గారూ. ఇంకా?"

"ఇంకా ఏముంది? గ్వల్తియేరో పదిమందిలో నన్ను అబద్ధాలకోరు అనుకున్నాడు."

"నేనేమీ అనుకోలేదురా," అన్నాడు గ్వల్తియేరో. "నీకు ముసలితనం వచ్చిందనుకున్నాను."

"చూశారా."

"ఇంకా?" అంది మిర్కా.

"ముక్కలు మరీ నున్నగా ఉన్నాయమ్మా," అన్నాడు గ్వల్తియేరో. "ఊపిరి వదిలితే పక్క పట్నం ఫాయెంజా దాకా పోతున్నాయి."

"నాకయితే గోళ్లు అడ్డం," అంది దెర్నా. "గోళ్లు కత్తిరించుకునే ఆట మా ఆడవాళ్లు ఆడరు. నీవెస్ సంగతి వేరనుకో, అంట్లు తోమి తోమి దాని గోళ్లు ఎప్పుడో పోయాయి."

"పోలేదు, నీ జోడీగా కూర్చున్నప్పటి నుంచి కొరుక్కుంటున్నాను," అన్నాను.

"అసలు సంగతి నేను చెప్తా," అని దెర్నా ముందుకు వంగింది. "ఎదురుగా కూర్చున్నవాడితో మాట మాటకీ అబద్ధం చెప్పాలంటే, దానికి ఆట ఎందుకమ్మా? పెళ్లి ఉందిగా."

బార్ దగ్గర నలుగురు నవ్వారు. టీవీ కింద ఆవిడ నవ్వలేదు. నా కుర్చీ వీపును పట్టుకున్న మిర్కా వేళ్లు నాకు తగులుతున్నాయి. చలికాలమంతా వంటింటి బల్ల మీద అట్టలు కత్తిరించి, మైనం పూసి, జారించి జారించి చూసిన వేళ్లు అవి. ఇంకో పట్టుతో ఈ ఆట అయిపోతుంది, లెయార్కో వెళ్లిపోతాడు, ఆవిడ కాఫీ డబ్బులు ఇచ్చి బస్సెక్కుతుంది, సోమవారం కత్తెర. ఆ లెక్క మిర్కాకీ తెలుసు, నాకూ తెలుసు.

దెర్నా తన కత్తుల ఏడు జారించింది. గోళ్ల సంగతి ఎలా ఉన్నా వేలు గట్టిదే. ముక్క నా వైపు అంచు దాకా వచ్చి, సగానికి పైగా గాల్లోకి పోయి, ఊగి, ఆగింది. ఆ ఊపు చూసి బార్ దగ్గర నుంచి ఒకడు ఇటు తిరిగాడు. గ్వల్తియేరోది మధ్యలోనే ఆగిపోయింది. నాది నేల మీద పడింది, అందులో విశేషం లేదు.

ఇక లెయార్కో. మిగిలిన ఒక్క ముక్కనీ అసహ్యంగా ముందుకు తోశాడు. తోసి, కోపంలోనో అలవాటులోనో, వేలి కణుపుతో బల్లను ఠప్పుమని కొట్టాడు.

గుడ్డ లేని బల్ల. ఆ దెబ్బ నా మోచేతుల్లోకి వచ్చింది. అంచున వేలాడుతున్న దెర్నా ఏడు ఒకసారి తల ఊపి, నా ఒళ్లో పడింది.

అందరం నా ఒళ్లోకే చూశాం. ఇంత ఆసక్తిగా అటు ఎవరైనా చూసి చాలాకాలమైంది.

"చెల్లదు," అంది దెర్నా.

"ఎందుకు చెల్లదు?" గ్వల్తియేరో కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "తట్టాడు. తట్టొచ్చు. మీ అమ్మమ్మ కాలం నుంచి తట్టొచ్చు."

"నా ముక్కను పడగొట్టాడయ్యా."

"నీ ముక్కను కొట్టాడా? బల్లను కొట్టాడు. బల్ల క్లబ్బుది."

"నీతో చెప్పడానికే తట్టాడా, పడగొట్టడానికే తట్టాడా? అది తేల్చండి."

అందరూ లెయార్కో వైపు తిరిగారు. అతను తన వేలి కణుపును చూసుకుంటున్నాడు. కొత్త పన్ను వచ్చిన పసివాడు దాన్ని నాలుకతో తడుముకున్నట్టు ఉంది ఆ మొహం. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"రెండూ," అన్నాడు మెల్లిగా. "ఒక్క దెబ్బకి రెండూ అయ్యాయి."

ఇక చూడాలి. బార్ దగ్గరివాళ్లు గ్లాసులతో సహా వచ్చేశారు. ఒకడు చెల్లుతుందన్నాడు, ఇంకొకడు బల్ల కదిపితే ఆటే రద్దన్నాడు, మూడోవాడు మరి తట్టేవాడు కూడా చూసుకుని తట్టాలి కదా, వాడిదో వాడి జోడీదో కూడా పడొచ్చు కదా అన్నాడు. ఆ మూడోవాడి మాటకి మిర్కా వేళ్లు నా కుర్చీని వదిలేశాయి.

"తట్టొచ్చు," అంది. నియమం సంగతి మరిచిపోయింది పాపం. "ఆటకి ఒక్కొక్కరు ఒక్కసారే, తమ ముక్క జారించిన వెంటనే. తట్టాక ఎవరిది పడినా పడిందే. మీదైనా, మీ జోడీదైనా. చెప్పాలనుకుంటే చెప్పండి. కానీ ఆ మాటకి ఏదో ఒకటి రాలుతుంది."

దెర్నా ముక్కలన్నీ గీరి దగ్గరికి లాక్కుంది. "నా ఏడుని చంపావు కదూ. రా," అని కలపడం మొదలుపెట్టింది. ఎవరూ ఆమెను అడగలేదు. ఎవరూ బతిమాలలేదు. కలిపింది, కోయించింది, పంచుతోంది.

నేను టీవీ వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. మలగూతి గారి చెంచా తిరగడం ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు కిటికీ దగ్గర న్యూస్‌పేపర్ మడిచిన చప్పుడు వినిపించింది. మా అమ్మ పేపర్ మడిస్తే ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. చలికాలమంతా ఆమె ఈ ఆట వైపు తల తిప్పి చూడలేదు. ఊరి మొత్తానికి ఆమెను మించి పేకాడేవాళ్లు లేరు, అందుకని అది ఇంకా బాగా కనిపించేది. లేచి వచ్చి నా వెనక నిలబడింది.

"లే నీవెస్. నువ్వు కూర్చున్న కుర్చీ చూస్తే జాలేస్తోంది."

లేచాను. నన్ను ఇంత సుఖపెట్టిన తిట్టు మా అమ్మ నోటి నుంచి మరొకటి రాలేదు.

"గ్వల్తియేరో, నువ్వూ లే. ఆ పిల్ల కూర్చుంటుంది."

"నేను ఆడకూడదు అత్తయ్యా, నేను చూస్తూ..."

"వంట చేసిన మనిషి తినకుండా అందరికీ వడ్డిస్తూ తిరిగితే నాకు అనుమానం. కూర్చో." మా అమ్మ స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుంది. "ఊరికే ఎందుకు, పందెం వేసుకుందాం. నేను గెలిస్తే ఇక ఆగడం లేదు, ఎల్లుండి సోమవారం పొద్దున్నే వచ్చి కత్తెర పట్టుకుంటావు. నువ్వు గెలిస్తే ఎండాకాలం కూడా నీదే."

మా ఊళ్లో పేకబల్ల మీద ఇచ్చిన మాటకి నోటరీ అక్కర్లేదు. దాన్ని తప్పినవాళ్లని కోర్టు వదిలేస్తుందేమో, క్లబ్బు వదలదు. మిర్కా ఒక్కసారి టీవీ వైపు చూసింది. తరవాత కూర్చుంది.

"సరే అత్తయ్యా."

ఆ ఆటను నేను ఇప్పటికీ నిద్రలో చూస్తుంటాను. మా అమ్మ జోడీ దెర్నా, మిర్కా జోడీ లెయార్కో. మొదటి రెండు పట్టులూ మిర్కావే. ఆమె వేలు ముక్కను తోసినట్టు ఉండదు, సాగనంపినట్టు ఉంటుంది. మా అమ్మ మొదటి ముక్క సగంలో ఆగింది, రెండోది నేల మీద పడింది. మూడోదానికి బల్లను అరచేత్తో ఒకసారి నిమిరింది, సోఫాకి గుడ్డ పరిచే ముందు చట్రాన్ని నిమిరినట్టు. అక్కడి నుంచి ఆమె ముక్కలు చెప్పిన మాట వినడం మొదలుపెట్టాయి.

నాలుగో పట్టుకి లెయార్కో ఉత్సాహం ఆపుకోలేక తట్టాడు. పడింది అతని ముక్కే. గది మొత్తం ఘొల్లుమంది. "నోరు జారావు లెయార్కో," అన్నాడు గ్వల్తియేరో, నిలబడి చూడ్డం చేతకాక నా భుజం మీద బరువంతా వేస్తూ. దెర్నా కూడా తట్టింది, ఏమీ పడలేదు, గోరు మాత్రం విరిగింది. అరగంట క్రితం ఇదే ఆటను పెళ్లితో పోల్చిన మనిషి, విరిగిన గోరును నోటితో కొరికి ఊసేసి, "పంచేటప్పుడు తొందరపడకండి, ఇంకో ఆట నాదే" అని వెనకున్నవాళ్లకి ముందే చెప్పి పెట్టుకుంది.

ఆఖరి పట్టు. లెక్క సమానం. మిర్కా గిన్నెల మూడు జారించింది. అది బల్లంతా దాటి, లెయార్కో వైపు అంచున, ముప్పాతిక వంతు గాల్లో ఆగింది. ఊగలేదు కూడా. ఎవరో "అమ్మమ్మమ్మ" అన్నారు. అంతకుముందే లెయార్కోది నేల మీద పడింది, దెర్నాది మా అమ్మ వైపు అంచున కొంచెం బయటికి వచ్చి నిలిచి ఉంది. ఇక మిగిలింది మా అమ్మ ఒక్కతే, తట్టే హక్కు కూడా ఇక ఆమె ఒక్కదానికే; మిర్కా తన వంతు తట్టకుండానే వదిలేసింది.

మా అమ్మ ముక్కను మెల్లిగా తోసింది. అది ఏ అంచుకీ ఆశపడకుండా మధ్యలో కూర్చుంది. మిర్కా ఊపిరి వదిలింది.

మా అమ్మ మాత్రం బల్ల కిందికి వంగి కాళ్ల వైపు చూసింది. లెయార్కో మూలన ఉన్న కాలు పొట్టిది, దాని కింద మడిచిన అట్ట ఉంది. లేచి, వేలు మడిచి, గట్టిగా కాదు, పక్కింటి తలుపు తట్టినంత మర్యాదగా ఆ మూల వైపు ఒక్క దెబ్బ కొట్టింది.

దెర్నా ముక్క కదల్లేదు. మిర్కా గిన్నెల మూడు కదిలి, లెయార్కో టోపీలో పడింది.

అరుపులు, చప్పట్లు, ఎవరి గ్లాసో ఎవరి చొక్కా మీదో. అన్నిటికంటే వింత, మిర్కా నవ్వుతోంది. ఓడిపోయిన మనిషి నవ్వులా లేదు అది. "కాలు చూశారు మీరు. బల్ల కాలు చూశారు. నేను చలికాలమంతా పైనే చూశాను," అంటోంది. తరవాత పందెం గుర్తొచ్చింది. నవ్వు ఎటు పోవాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది.

మలగూతి గారు లేచి, కోటు చేతి మీద వేసుకుని, గుంపును మోచేతులతో తప్పించుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. ఫలానా అని చెప్పుకుంది.

"నేను తీసుకుంటున్నాను," అంది. "తట్టే రూలుతో సహా. కాని ఎల్లుండి సోమవారం పొద్దున్న మీరు బొలోన్యాలో ఉండాలి. అచ్చుకి వెళ్లేముందు మా వాళ్లతో కూర్చుని ప్రతి ముక్కా తేల్చుకోవాలి. ఆ రోజు దాటితే అచ్చు మిషన్ ఇంకొకరి ఆటకి పోతుంది, మళ్లీ వచ్చే ఏడే."

అందరూ మిర్కాని చూశారు. మిర్కా మా అమ్మను చూసింది. అడగలేదు. అడిగితే మాట తప్పమన్నట్టు.

"సోమవారం రాలేనండీ," అంది మలగూతి గారితో. "ఇప్పుడే మాటిచ్చాను."

"ఇరీదె," అంది దెర్నా. "పిల్లను వదిలెయ్యవే."

"మాట మాటే," అంది మా అమ్మ.

"అమ్మా," అన్నాను.

"నువ్వు మాట్లాడకు. ఇందాకటి నుంచి టీవీ వైపు చూడకుండా మెడ బిగబట్టుకుని కూర్చున్నావు, ఆవిడెవరో అప్పుడే తెలిసిపోయింది. మా ఊళ్లో బార్లీ కాఫీని అంతసేపు తిప్పేవాళ్లు ఎవరున్నారు?" మా అమ్మ ముక్కలన్నీ పోగుచేసి, అంచులు సరిచేసి, కట్టను మిర్కా ముందు పెట్టింది. "సోమవారం పొద్దున్నే వచ్చి తలుపు తట్టు. మాట చెల్లుతుంది. కాని తలుపు తీసేది నేను కాదు. దుకాణం అమ్మేశాను."

చెట్టంత మగవాళ్లు గ్లాసులు పట్టుకుని నోళ్లు తెరిచారు. నేను ఆమె కన్నకూతురిని. ఆ ఇంటి కబుర్లు అందరికంటే ముందు తెలిసేది నాకే అనుకునేదాన్ని. నా తమ్ముడు లోరిస్ ఆ దుకాణం సోఫాలే లారీలో వేసుకుని ఆ క్షణాన ఆస్ట్రియాలో ఎక్కడో ఉన్నాడు.

మిర్కా ముక్కల కట్టను పక్కకి జరిపింది. "మరి పందెం? లేని కత్తెర మీద వేశారా పందెం?"

"చేతిలో ముక్క ఉంటే ఎవరైనా వేస్తారు. తిరిగి వెళ్లడానికి చోటుందనుకుంటూ ఎలా ఆడతావో చూడాలనిపించింది. బాగానే ఆడావు. ఇక చోటు లేదు. బస్సు టైము కనుక్కో."

"ఎవరికి అమ్మావమ్మా?" అన్నాను.

మా అమ్మ చెప్పే అవసరం రాలేదు. ఇంతసేపూ నా భుజం మీద ఉన్న బరువు ఎప్పుడు తొలగిపోయిందో నేను గమనించలేదు. వెనక్కి తిరిగేసరికి గ్వల్తియేరో కోటు వేసుకుని, తలుపు దగ్గర, బయటికి నెట్టవలసిన తలుపును లోపలికి లాగుతూ నిలబడి ఉన్నాడు.